గంగాళంలో వెన్నెల

పాలకావడి భుజాన వేసుకుని, మాసిన గుడ్డ తలకు చుట్టుకుని, అమరకేతు అగాధం అంచున నిలబడి పడమటి దిక్కు చూస్తున్నాడు. లోతుకోన రాజ్యానికి యువరాజు అతను. ఆ వేషంలో చూస్తే కన్నతండ్రి కూడా గుర్తుపట్టక, పాలలో నీళ్ళెన్ని కలిపావని అడిగి ఉండేవాడు. అవతలి ఒడ్డున కరాళమేఘుడనే మాంత్రికుడి బురుజు, కాటుక ముద్దలు పేర్చి కట్టినట్టు నల్లగా, మబ్బుల్లోకి లేచి ఉంది. ఒడ్డుకూ ఒడ్డుకూ నడుమ వంతెన మాత్రం లేదు.

అంటే, ఇంకా లేదు. పడమట సంజకెంజాయ పరుచుకున్న కాసేపే ఆ వంతెన ఉంటుంది. రోజూ ఆ వేళకే పరుగున వెళ్ళి, పాలు గుమ్మంలో దించి, ఎరుపు ఆరేలోగా పరుగున తిరిగివచ్చే గొల్లవాడు తన కావడినీ తలగుడ్డనూ యువరాజుకు అప్పగిస్తూ చెప్పిన సంగతి ఇది. అంతకు ముందు ఎందరో శూరులు ఈ బురుజు మీదికి వచ్చారు. వాలుపొద్దు ఎండ కాస్త ఎర్రబడగానే సంజ అయిందనుకుని అడుగు వేశారు. వాళ్ళ గుర్రాలు మాత్రం ఇళ్ళు చేరాయి. పాపం, వాళ్ళను అనడానికీ లేదు. వాళ్ళ దేశాల్లో వెలుగంటే వెలుగే.

లోతుకోనలో అలా కాదు. రెండు కొండల చీలికలో, పాతాళానికి మెట్టు దిగినంత లోతున ఉన్న రాజ్యం అది. అక్కడికి వెలుగు చుట్టపుచూపుగా వస్తుంది. అందుకే వచ్చిన ప్రతి వెలుగునూ పేరు పెట్టి పిలుస్తారు. పొద్దు పొడవకముందు కొండకొమ్మున కనిపించేది వేగువెలుగు, గోడల మీద గంధం పూసినట్టు పాకేది లేతెండ, వాన వెలిశాక మెల్లగా వచ్చేది నీరెండ, నడినెత్తిన నిలిచి మాడ్చేది ఎర్రటెండ. చెట్టేదో మనిషేదో తెలిసీ తెలియకుండా ఉంచేది గుడ్డివెన్నెల. నేల మీద పిండి ఆరబోసినట్టు కాసేది పండువెన్నెల. మాటలు వచ్చీరాని పిల్లలకు అత్తా తాతా కంటే ముందు ఈ పేర్లే నేర్పుతారు.

ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు మిద్దె ఎక్కి చూసి, కింద మంచాన పడ్డవాళ్ళకు ఆ వేళ వెలుగేమిటో చెప్పాలి. గుడ్డివాళ్ళు అడిగితే దారిన పోయేవాడైనా నిలబడి చెప్పాలి. అడిగినా చెప్పకుండా పోయినవాణ్ణి ఆ కోనలో ఎవరూ ఎరుగరు. ఇక ప్రాణం పోతున్నవాళ్ళ చెవిలో అయినవాళ్ళు చెప్పే పేరును కడవెలుగు అంటారు. ఏ వెలుగు పేరు విని పోతే ఆ వెలుగు బాటనే నడుస్తారు. ఒకే బాటన పోయినవాళ్ళు అక్కడ ఒకరినొకరు కలుసుకుంటారు. లేని వెలుగు చెప్పి పంపితే ఆ జీవి ఎక్కడికీ చేరదు. అందుకే అక్కడ దొంగనైనా క్షమిస్తారు గానీ అబద్ధపు వెలుగు చెప్పినవాణ్ణి గడప తొక్కనివ్వరు.

అమరకేతు తల్లి కువలయదేవి పండువెన్నెలలో పోయింది. ఆమె చెవిలో ఆ మాట చెప్పింది భర్త వీరనందుడే. ఇప్పుడా మహారాజే మంచాన పడి, భార్య పోయిన వెలుగులోనే తానూ పోవాలని ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు. ఆయన కోరింది రాజ్యమూ కాదు, ఆయుష్షూ కాదు. కాస్త వెన్నెల. సరిగ్గా అదే లేకుండా పోయింది. కరాళమేఘుడు ఒక పున్నమినాడు లోతుకోన వెన్నెలనంతా పీల్చి తన బురుజులో బంధించాడు. వెలుగుతో పాటు దాని పేరూ పోయింది. మర్నాటి నుంచి కోనవాళ్ళు ఆ మాట పలకబోతే నోట్లోంచి ఉత్త గాలి వచ్చింది. పోనీ తొలిసంజ చెబుదామని మంత్రులు వంగితే, రాజు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ పున్నమినాడు పొరుగు రాజ్యంలో కత్తిసాముకు వెళ్ళి ఉన్న అమరకేతు నోట మాత్రం మాట మిగిలింది. కొండమీద ఉండే ఒక అవధూత అతన్ని పిలిచి, ఆ మాటను ఒక్కసారే పలకగలవని హెచ్చరించాడు. బంధించిన వెన్నెల ఎదుట నిలబడి దాన్నే పిలుస్తూ పలికితే బంధం తెగి, కోనకు వెలుగూ జనానికి మాటా తిరిగివస్తాయి. మరెవరి చెవిలోనైనా పలికితే అది వాళ్ళ వెంటే పోతుంది. ఆనాటి నుంచి యువరాజు నిద్రలో కూడా పెదవులు బిగించుకునే ఉన్నాడు.

పొద్దు కుంకింది. ఆకాశం మొదట పసుపు నీళ్ళు చల్లినట్టయి, తర్వాత కుంకుమ కలిపినట్టయింది. ఆ ఎరుపు పడమటి కొండ మీది నుంచి జారి అగాధం మీద పడి, పలక తర్వాత పలకగా గట్టిపడింది. పలకల నడుమ సందుల్లోంచి కింద ఉన్న చీకటి కనిపిస్తోంది. అమరకేతు కావడి సరిచేసుకుని పరుగు తీశాడు.

నడిమికి చేరేసరికి ఒక మబ్బుతునక పడమట అడ్డం వచ్చింది. ముందున్న పలకలు మాసిపోయాయి. వెనక్కి చూస్తే వెనక కూడా లేవు. అమరకేతు కావడిలోంచి ఒక పాలకుండ తీసి ముందుకు విసిరాడు. అది గాలిలోనే భళ్ళున పగిలింది. పగిలిన చోట పలక ఉందన్నమాట. అక్కడికి దూకాడు. పాలు పారిన మేర తెల్లగా దారి కనిపించింది. ఆ తెల్లదనం అయిపోయిన చోట కళ్ళు మూసుకుని మళ్ళీ దూకాడు. ఈసారి కాళ్ళకు ఏమీ తగల్లేదు. పడుతూ పడుతూ కావడిబద్దను ఒడ్డున ఉన్న రాతి పగులులో గుచ్చి, దాన్ని పట్టుకుని వేలాడి, మోచేతులు చెక్కుకుపోగా పైకి పాకాడు. కావడికి మిగిలిన రెండో కుండ ఎలాగో పగలకుండా ఉంది. వెనక సంజ ఆరిపోయింది, వంతెన లేదు.

బురుజు ముంగిట రాతిబొమ్మలు బారులు తీరి ఉన్నాయి. అమరకేతు దగ్గరికి వెళ్ళి చూశాడు. అవి బొమ్మలు కావు. కోటగుమ్మం కాచే సింగన్న, అంతఃపురానికి పూలు తెచ్చే ముసలమ్మ, నాలుగు వీధుల మొగలో గుగ్గిళ్ళు అమ్మేవాడు, అందరూ లోతుకోన మనుషులే. అందరి నోళ్ళూ ఏదో చెప్పబోయినట్టు తెరుచుకుని ఉన్నాయి. పూలమ్మ చెంప మీద కన్నీటిచుక్క కూడా రాయి అయిపోయింది. యువరాజు ఆ చుక్కను వేలితో తాకి ముందుకు నడిచాడు.

మెట్ల మొదట ఇనుపరెక్కల రాబందు ఒకటి కాపలా కూర్చుని ఉంది. మనిషి అలికిడికి ఒక కన్ను తెరిచింది. అమరకేతు రెండో కుండను తలమీద గుమ్మరించుకున్నాడు. రోజూ ఎరిగిన పాలవాసన ముక్కుకు తగలగానే అది మళ్ళీ కన్ను మూసింది. యువరాజు పాలు ఓడుతున్న బట్టలతోనే మెట్లు ఎగబాకాడు.

పైగదిలో పెద్ద రాగి గంగాళం ఉంది. దాని నిండా వెన్నెల. పొంగుతున్న పాలలా అంచు దాకా లేచి, ఒలికి, నల్లరాతి గోడలనూ, కప్పును మోసే దూలాలనూ, మూల నున్న నులకమంచాన్నీ తెల్లగా చేస్తోంది. ఎన్నాళ్ళకో చూసిన ఆ వెలుగు ముందు అమరకేతు ఆగిపోయాడు. తల్లి పోయిన రోజున ఆమె ముఖం మీద కాసింది కూడా ఇదే. ఇక ఆలస్యం దేనికని గంగాళం వైపు నడిచాడు.

"ఎవరు నాయనా అది? మా సూరిగాడి అడుగు కాదే," అంది మంచం మీది నుంచి ఒక ముసలి గొంతు.

ఎముకల గూడులా ఉన్న ఒక అవ్వ. కళ్ళు రెండింటికీ తెల్లగా పొరలు కట్టి ఉన్నాయి. పాలవాణ్ణని బదులు చెప్పి అమరకేతు ఇంకో అడుగు వేశాడు. గంగాళం అంచు చేతికి అందింది. మాట నాలుక చివరికి వచ్చింది. అంతలో అవ్వకు ఊపిరి పట్టేసింది. గొంతులో గురక మొదలైంది. అది ఎలాంటి గురకో లోతుకోనలో పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆమె అతికష్టం మీద మోచేతి మీద లేచి, నెరిసిన జుట్టు చెవి మీది నుంచి వెనక్కి తోసుకుని, ఆ చెవి అతని వైపు తిప్పింది. లోతుకోన ముసలివాళ్ళు మిద్దె మెట్ల కింద కూర్చుని తిప్పినట్టే తిప్పింది.

"ఏం వెలుగు నాయనా?"

"పండువెన్నెల, అవ్వా," అన్నాడు అమరకేతు.

అన్నాక గానీ అన్నట్టు తెలియలేదు. వేరే దేశపువాడైతే ఊరుకుని ఉండేవాడు. పుట్టిన దగ్గర నుంచి అడిగినవాళ్ళకు చెప్పడం అలవాటైన నోరు అది. దాన్ని ఆపుకోవాలని అతనికి ఎవరూ నేర్పలేదు.

"పండువెన్నెలే," అంది అవ్వ. ముడతల ముఖమంతా విచ్చుకుంది. "మా రాగమ్మ పోయిన నాటి వెలుగే. చల్లగా ఉండు నాయనా." ఆమె తల దిండు మీదికి ఒరిగింది. గురక ఆగిపోయింది.

అమరకేతు గంగాళం మీదికి వంగి నోరు తెరిచాడు. ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ గాలే. ఎదుట పొంగుతున్నదాని పేరు మీకు తెలుసు, నాకు తెలుసు, అతనికి మాత్రం ఇక లేదు. యువరాజు రాగి అంచుకు నుదురు ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అక్కడ తండ్రి ఒక్కొక్క ఊపిరినీ దాచుకుని తనకోసం ఎదురుచూస్తున్నాడు. ఆయనకు దక్కాల్సిన మాటను తాను ఎవరో ఊరూ పేరూ తెలియని ముసలమ్మకు ఇచ్చేశాడు. పోనీ ఇచ్చినందుకు చింతిద్దామంటే, ఆమె ముఖం చూశాక అదీ చేతకాలేదు.

తలుపు తెరుచుకుంది. పుర్రెల దండ, జడలు కట్టిన జుట్టు, నిప్పుల్లాంటి కళ్ళు. వచ్చినవాడు కరాళమేఘుడు. అమరకేతు తలగుడ్డలో దాచిన పిడిబాకు లాగాడు. మాంత్రికుడు ఆ బాకును చూడనైనా చూడలేదు. మంచం దగ్గరికి వెళ్ళి, చనిపోయిన అవ్వ పాదాలు రెండూ తన ఒళ్ళోకి తీసుకుని నేలమీద కూలబడ్డాడు. ఆ ముఖంలోని తృప్తిని చాలాసేపు చూశాడు. ఎవరు చెప్పారో అతనికి అర్థమైంది.

తర్వాత అతను అంతా చెప్పాడు. ఆ అవ్వ, అతని తల్లి చెన్నమ్మ, లోతుకోన ఆడపడుచు. ఆమె కూతురు రాగమ్మ పసితనంలోనే ఒక పున్నమినాడు జ్వరంతో పోయింది. ఆ దిగులుతో తల్లికి చూపు తగ్గింది. కొడుకు సూరన్న ఆమెను వెంటపెట్టుకుని ఊళ్ళు తిరిగి, మంత్రాలు నేర్చి, కరాళమేఘుడై ఈ కొండ చేరాడు. ఈ నల్లరాతి మీద వెన్నెల నిలవదు. తల్లి మాత్రం ఆ వెలుగులోనే పోతాను, పిల్ల దగ్గరికే పోతానంది. అందుకని దొంగిలించాడు. దొంగిలించిన మరుక్షణం మొదట అతని నోటి నుంచే మాట పోయింది. కోన నుంచి ఒక్కొక్కరినే పట్టి తెచ్చి చెప్పమన్నాడు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆ కోపంలో వాళ్ళను రాళ్ళను చేశాడు.

"మా అమ్మ చెవిలో నేను చెప్పాల్సిన మాట అది," అన్నాడు కరాళమేఘుడు. "కొడుకును నేను ఉండగా, పాలవాడు చెప్పాడు."

ఇంత చేసినవాడి మీద జాలిపడాల్సి వస్తుందని అమరకేతు ఎన్నడూ అనుకోలేదు. తాను పాలవాణ్ణి కాదనీ, ఎందుకు వచ్చాడో, ఏం పోగొట్టుకున్నాడో చెప్పాడు. మాంత్రికుడు తలవంచుకుని విన్నాడు. బురుజులో ఏది కావాలన్నా తీసుకుపొమ్మన్నాడు. వెన్నెలను విడిచిపెట్టమంటే మాత్రం, కట్టడమే తాను నేర్చుకున్నాననీ, విప్పడం ఆ మాట వల్లనే అవుతుందనీ చెప్పి చేతులు ఎత్తేశాడు.

అప్పుడు అమరకేతు కన్ను గంగాళంలో పడింది. వెలుగు పొంగు తగ్గి, అడుగున ఒక బాట కనిపిస్తోంది. తెల్లని బాట. దాని మీద చెన్నమ్మ వెళ్ళిపోతోంది, కర్ర లేకుండా, తడుముకోకుండా. మాట వాళ్ళ వెంటే పోతుందని కదా అవధూత అన్నాడు. అయితే అది ఇంకా కంటికి కనిపించేంత దూరంలోనే ఉంది. యువరాజు ఒక కాలు గంగాళం అంచు మీద పెట్టాడు.

కరాళమేఘుడికి సంగతి తెలిసిపోయింది. ఒక్క అంగలో వచ్చి అతని భుజం పట్టుకున్నాడు. "బంగారం అడుగు, నా తల అడుగు. మా అమ్మ జోలికి వెళ్ళకు."

"మా నాన్న," అన్నాడు అమరకేతు.

మాంత్రికుడి ఈలకు ఇనుపరాబందు కిటికీ బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చింది. దాని రెక్క తగిలి గోడరాళ్ళు రాలాయి. గోళ్ళు యువరాజు తలగుడ్డను ఎత్తుకుపోయాయి. అమరకేతు బాకు పిడితో కరాళమేఘుడి మణికట్టు మీద కొట్టి, పట్టు సడలిన క్షణంలో గంగాళంలోకి దూకేశాడు.

చల్లగా ఉంది. అటూ ఇటూ కనుచూపు మేర తుమ్మిపూల చేలు, గాలి లేకుండానే ఊగుతున్నాయి. పైన చంద్రుడు లేడు, అయినా అంతటా అదే వెలుగు. బాట మెత్తని పిండిలా ఉంది. పోయినవాళ్ళ అడుగులు దాని మీద నిలుస్తాయి గానీ, బతికినవాడి బరువును అది మొయ్యదు. రెండు అంగలు వేసేసరికి అమరకేతు మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. బాకు విసిరేశాడు. చీలమండల దాకా తేలాడు. నడుముకు కట్టుకున్న రాజముద్రిక తీసి విసిరేశాడు. పాదాలు పైకి వచ్చాయి. ఇంకా బరువుగానే ఉంది. మెడలో తల్లి చేత్తో కట్టిన తాయెత్తు ఉంది. దాన్ని పట్టుకుని కాసేపు ఆగాడు. ఆ కాసేపట్లోనే మళ్ళీ మోకాళ్ళ దాకా దిగాడు. ఏడుస్తూ దాన్నీ తెంపి పూలలోకి విసిరి, పరుగు అందుకున్నాడు.

మలుపు తిరిగేసరికి చెన్నమ్మ కనిపించింది. ఆమె ఇప్పుడు ఒంటరిగా లేదు. రాగమ్మ ఎదురు వచ్చినట్టుంది. చిరుగుల పరికిణీ కట్టుకున్న పసిపిల్ల, తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని గంతులు వేస్తూ ఆగకుండా కబుర్లు చెబుతోంది. ఎన్నేళ్ళ కబుర్లో పాపం.

అడుగుల చప్పుడు విని చెన్నమ్మ వెనక్కి తిరిగింది. కళ్ళ మీద పొరలు లేవు. "పాలబ్బాయి అడుగేనే," అంది. "ఇంత చిన్నవాడివా నాయనా? నువ్వెందుకు వచ్చావు ఇక్కడికి?" అతను కూడా చనిపోయాడనుకుని ఆమె కళ్ళు చెమర్చాయి.

అమరకేతుకు అబద్ధం చెప్పాలని అనిపించలేదు. మంచాన ఉన్న తండ్రి గురించి, ఇదే బాటలో ఎక్కడో ముందు ఎదురుచూస్తున్న తల్లి గురించి చెప్పాడు. ఒక్కసారే పలకగలిగిన మాట గురించీ చెప్పాడు. తిరిగి ఇమ్మని మాత్రం అడగలేకపోయాడు. అడగడానికే అంత దూరం వచ్చాడు, పిల్లను చూశాక నోరు రాలేదు.

"అయితే నువ్వు నాకు చెప్పింది మీ నాన్న వెలుగా?" అంది చెన్నమ్మ.

అతను తల ఊపాడు.

చెన్నమ్మ పిల్ల వైపు చూసింది. తన చెవిలో పడ్డదాన్ని తాను అతని చెవిలో వేస్తే అది అతని వెంటే వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ తర్వాత ఈ బాట ఆమెది కాదు. ఏ వెలుగూ లేని చోటికి పోవాలి. పిల్ల మళ్ళీ ఒంటరి అవుతుంది.

"కడవెలుగు లేకుండా మనిషిని ఎలా పోనిస్తాం నాయనా," అంది చివరికి. అని బాట మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, అతన్ని దగ్గరికి వంగమని సైగ చేసింది. రెండో చేతిని విడిపించుకోవడానికి రాగమ్మ వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పసాగింది.

పిల్ల అది ఏదో ఆట అనుకుంది. తల్లి విప్పిన వేలినల్లా మళ్ళీ బిగిస్తూ పకపకా నవ్వుతోంది. వద్దవ్వా అనాలని అమరకేతు ఎంతగానో అనుకున్నాడు. తండ్రి ముఖం గుర్తుకొచ్చింది. ఆమె నోటి దగ్గరికి తన చెవి వంచాడు.